బడి చరిత్ర రాసి నేను చేసిన తప్పు

చిత్తూరులో ఒక ప్రైవేటు ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పాను. రిటైరై ఏడేళ్ళయింది. ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లు ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అని అడుగుతున్నారు. వాళ్ళకు కావలసిందేమిటో నాకు తెలుసు. అల్లరి క్లాసును ఎట్లా దారికి తేవాలి, తనిఖీకి వస్తే ఏం చూపించాలి, ఇట్లాంటివి. అవి రెండేళ్ళు తిరిగేసరికి ఎవరికైనా వాటంతట అవే వస్తాయి. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాసినా ఎవరికీ ఉపయోగం లేదు. చేసిన తప్పులు రాస్తే ఉపయోగపడతాయేమో. అందులో ఒకటి, అచ్చు వేయించి ఊరంతా పంచిపెట్టిన తప్పు, ఉన్నదున్నట్టు చెప్పాలి.

మా బడి బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిది. ఒక వకీలు గారు తన ఇంటి పక్కనున్న పెంకుటింట్లో మొదలుపెట్టారు. నేను చేరేనాటికి ఆ పెంకుటిల్లు మా స్టాఫ్ రూము. వాన పడితే కుర్చీలు జరుపుకుంటూ, టిఫిన్ డబ్బాల మీద మూతలు పెట్టుకుంటూ కూర్చునేవాళ్ళం.

మొదటి నెలలో తిన్న చీవాట్లు

మాది తిరుపతి. మా నాయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. ఇంట్లో అందరం ‘వచ్చినాడు’, ‘ఉండాది’ అనే మాట్లాడేవాళ్ళం. బి.ఎడ్. చదివేటప్పుడు ఆ మాటలన్నీ కష్టపడి మానుకున్నాను. మానుకున్నానన్న గర్వం కూడా ఉండేది. ఆ గర్వంతోనే క్లాసులో అడుగుపెట్టాను.

ఒకరోజు శ్రీహరికోట ఎక్కడుందో చెప్పమన్నాను. ఒక పిల్ల లేచి, సముద్రానికీ పులికాట్ సరస్సుకూ మధ్యలో ఉండాది టీచర్ అంది. జవాబు సరైనదే. నేను మాత్రం “ఉండాది కాదు, ఉంది” అని మూడుసార్లు పలికించాను. మిగతా పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది. వారం తిరిగేసరికి నా క్లాసులో ఎవరూ చెయ్యి ఎత్తడం లేదు. నేనేమో క్రమశిక్షణ కుదిరిందని సంతోషపడుతున్నాను.

అప్పుడు మా హెడ్‌మిస్ట్రెస్ రాజేశ్వరమ్మ గారు. ఒకరోజు పొద్దున వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠమంతా విన్నారు. తర్వాత తన గదికి పిలిచి, తలుపు వేసి, మెల్లగా అడిగారు.

“నువ్వు సోషల్ చెప్తా ఉండావా, యాస చెప్తా ఉండావా? పిల్ల నోరు తెరిచింది జవాబు చెప్పడానికి. నువ్వేమో మూసేసినావు.”

అంతే.  మరుసటి రోజు క్లాసులోకి వెళ్ళి, “నిన్న పాఠం యాడ ఆపినాం?” అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. అప్పుడు ఎత్తిన చేతులు నేను రిటైరయ్యే దాకా దిగలేదు. రాసేటప్పుడు ఇప్పటికీ నాకు పుస్తకాల తెలుగే వస్తుంది, అది అలవాటు. క్లాసులో మాత్రం మా నాయన భాషే మాట్లాడాను.

రాజేశ్వరమ్మ గారి దగ్గర సెలవు దొరకడం చాలా కష్టం. చాక్‌పీసులు కూడా లెక్కపెట్టి ఇచ్చే మనిషి. అయినా పిల్లల ముందర ఏ టీచరునూ ఒక్క మాట అనేవారు కాదు. అట్లాంటి పై అధికారి దొరికితే చాక్‌పీసులకు గొణగకుండా పనిచేయండి.

చంద్రగిరి కోటలో అడిగిన ప్రశ్న

ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతి పిల్లల్ని చంద్రగిరి కోటకు తీసుకుపోయేదాన్ని. రాజమహల్ ముందర నిలబెట్టి ఏ రాజు, ఏ వంశం, ఎందుకు ఇక్కడికి వచ్చారు, అన్నీ చెప్పేదాన్ని. ఒకసారి భోజనాల దగ్గర ఒక పిల్ల అడిగింది, ఈ కోట ఎవరు కట్టినారో చెప్పినారు కదా టీచర్, మన బడి ఎవరు కట్టినారు అని. వకీలు గారు అని చెప్పాను. ఆ పిల్ల వదల్లేదు.

“ఆయన ఇల్లు ఇచ్చినాడు సరే. ఆడపిల్లల్ని బయటికే పంపని కాలం అంటారు కదా. మరి పిల్లలు యాడినించి వచ్చినారు?”

 ముందు పులిహోర తిను అన్నాను. పిల్లల ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పడానికి టీచర్లకు ఎందుకంత కష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనూ అందులో తక్కువ తినలేదు.

సంచిక

కొన్నేళ్ళకు బడికి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. పెద్ద ఎత్తున వార్షికోత్సవం, దానికొక ప్రత్యేక సంచిక. అప్పటి కరస్పాండెంట్ గారు వకీలు గారి మనవడు. ఆయన నన్ను పిలిచి, చరిత్ర చెప్పే టీచర్ నువ్వే కదమ్మా, బడి చరిత్ర నువ్వే రాయి అన్నారు.

సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మవద్దని పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన మనిషిని నేను. మరి చేసిందేమిటంటే, యాభై ఏళ్ళ పండుగకు వేసిన పాత సంచిక ముందర పెట్టుకుని, ఊర్లో ఇద్దరు పెద్దమనుషుల్ని అడిగి, రెండు ఆదివారాల్లో పది పేజీలు రాసేశాను.

అందులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. బడి పెట్టిన మొదటి ఏడే, మద్రాసు నుంచి వచ్చిన పంతులమ్మ జబ్బు చేసి వెళ్ళిపోయింది. కొత్త పంతులమ్మ రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఊర్లో ఉన్న ఒక తెల్ల అధికారి భార్య, మా బడి కమిటీలో ఉన్న దొరసాని, స్వయంగా వచ్చి చిన్నపిల్లలకు చదువు చెప్పిందని పాత సంచికలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నేను ఒక పేజీ చేశాను. గుర్రపు బండి దిగి, ఎండలో గొడుగు పట్టుకుని, చిరునవ్వుతో ఆమె నడిచి రావడం కళ్ళకు కట్టినట్టు రాశాను. గొడుగూ, చిరునవ్వూ నా సొంతం. కరస్పాండెంట్ గారు చదివి చాలా మెచ్చుకున్నారు. అచ్చయింది. పండుగకు ఇంకా రెండు వారాలు ఉండగానే పాత విద్యార్థినుల ఇళ్ళకు పంచడం కూడా మొదలుపెట్టాం.

కమలమ్మ గారు

నాలుగైదు రోజులకు బడి గేటు ముందర ఒక ఆటో ఆగింది. ఎనభై దాటిన పెద్దావిడ, మనవరాలి భుజం పట్టుకుని దిగింది. సంతపేటలో బెల్లం మండీ వాళ్ళ ఇంటి పెద్ద, పేరు కమలమ్మ. మా బడి మొదటి జట్టు విద్యార్థిని. చేతిలో మా సంచిక ఉంది. స్టాఫ్ రూములో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. నీళ్ళు తాగకుండా పేజీ తిప్పి చూపించారు.

“ఇది రాసింది నువ్వేనామ్మా?”

అవునన్నాను, మెచ్చుకుంటారనే అనుకున్నాను.

“ఈ గొడుగు నువ్వు చూసినావా?”

 ఆమెకు కోపమేమీ లేదు. తప్పు లెక్క చేసిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పినట్టు, మొదటినుంచీ చెప్పుకొచ్చారు.

అప్పట్లో ఆడపిల్లలు నడిచి బడికి వస్తే మర్యాద కాదని వకీలు గారు ఒక ఎద్దులబండి పెట్టారు. రెండు పక్కలా తెర. బండి ముందర మునెమ్మ అనే మనిషి నడిచేది. ఆమె పని ఇంటింటికీ పోయి పిల్లల్ని ఎక్కించుకుని రావడం, సాయంత్రం దించి రావడం. పిల్లకు జ్వరమని అవ్వ ఎవరైనా చెప్తే, మునెమ్మ లోపలికి పోయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. జ్వరం లేకపోతే ఎత్తుకుని వచ్చి బండిలో కూర్చోబెట్టేది. తన కూతురిని ముందర ఎక్కించుకోమని వకీలు గారి భార్య అడిగితే, దూరం పిల్లలు ముందు, మీ పాప ఇల్లు బడి పక్కనే కాబట్టి చివర అని చెప్పేసిందట.

పిల్లలు చదువుకునేటప్పుడు మునెమ్మ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుండేది. పంతులమ్మ పలక మీద ఏ అక్షరం రాస్తే, మునెమ్మ నేల మీద గింజలతో ఆ అక్షరం పేర్చేది. ఎనిమిది నెలల్లో ఆమెకు చదవడం వచ్చేసింది. ఆ సంగతి పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు.

పంతులమ్మ జబ్బు చేసి మద్రాసు వెళ్ళిపోయేసరికి, దొరసాని కూడా ఊర్లో లేదు. దొర సెలవు పెడితే ఆయనతో ఓడ ఎక్కి తమ దేశం పోయింది. వకీలు గారు ఏదో పెద్ద కేసు మీద మద్రాసులోనే ఉన్నారు. బడిలో పంతులమ్మ లేదని ఇళ్ళల్లో తెలిస్తే, పిల్లల్ని మరుసటి రోజే మాన్పిస్తారు. ఒకసారి మానితే మళ్ళీ పంపరు, పెళ్ళి సంబంధాలు చూస్తారు. మునెమ్మ ఎవరికీ చెప్పలేదు. మరుసటి రోజు పొద్దున బండి ఎప్పటి వేళకే వచ్చింది. పిల్లల్ని కూర్చోబెట్టి, నేల మీద చింతగింజలు పోసి, తనే మొదలుపెట్టింది. నాలుగు నెలలు.

“మేము కూడా ఇంట్లో చెప్పలేదు. చెప్తే బండి రాదని మాకు తెలుసు,” అన్నారు కమలమ్మ గారు. ఆరేళ్ళ, ఏడేళ్ళ పిల్లలు, నాలుగు నెలలు నోరు విప్పలేదు.

ఇంకొక మాట కూడా చెప్పారు. మునెమ్మకు నాగరత్నం అని ఒక కూతురు, తమ ఈడుదే. ఆ పిల్లను తమతో పాటు బండి ఎక్కనీయడానికి తమ ఇళ్ళ పెద్దలు ఒప్పుకోలేదట. ఆ పిల్ల బండి వెనక నడిచి వచ్చేది, గడపలో తల్లి పక్కన కూర్చుని చదువుకునేది. చదువులో తమ అందరికంటే ముందుండేది. “అది తప్పని మాకు అప్పుడు తెలీదు. తెలిసేసరికి ఎవురెవురు యాడుండారో తెలీకుండా పోయింది,” అన్నారు.

ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా అని అడిగాను.

“ఎవురు అడిగినారు?” అన్నారామె, అప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

తనిఖీ పుస్తకం

ఒకసారి విన్నమాట నమ్మి దెబ్బ తిన్నాను, రెండోసారి అదే పని చేయకూడదనుకున్నాను. కమలమ్మ గారి మాట మీద గౌరవం ఉంది, కానీ కాగితం కూడా చూడాలి. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానుకుని, పెంకుటింటి అటక మీదున్న ట్రంకు పెట్టెలు దించాను. బూజు, బొద్దింకలు, ఎలుకలు కొరికిన హాజరు పట్టీలు. మూడో రోజు దొరికింది, తొలి ఏళ్ళ తనిఖీ పుస్తకం.

ఆ నాలుగు నెలల మధ్యలో బడులు తనిఖీ చేసే అధికారిణి ఒకామె వచ్చింది. ఇంగ్లీషులో ఒకే పేజీలో రెండు సంగతులు రాసింది. ఒకటి, కమిటీలోని దొరసాని స్వదేశానికి వెళ్ళినందున, పిల్లలకు బండి వెంట వచ్చే ఆయా చదువు చెప్తోందనీ, ఆమెకు అర్హత లేదు కనుక వెంటనే మాన్పించాలనీ. రెండోది, దాని కిందనే, తను చూసిన బడుల్లో అందరికంటే బాగా చదువుతున్నది ఈ పిల్లలేనని. మాన్పించాల్సిన వకీలు గారు మద్రాసులో ఉన్నందునే ఆ చదువు ఆగలేదని నాకు అర్థమైంది.

 ఆ అధికారిణి మీద నాకు గౌరవం కలిగింది. రూలు ప్రకారం రాయాల్సింది రాసింది, కంటితో చూసింది కూడా రాసింది. రెండూ పొసగవు కదా అని ఒకదాన్ని మింగేయలేదు. రేపు మీలో ఎవరైనా తనిఖీలు చేసే ఉద్యోగానికి వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి.

పుస్తకం పట్టుకుని కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను. ఆయన మంచి మనిషి. రోజూ పొద్దునే వచ్చి కొళాయిల్లో నీళ్ళు వస్తున్నాయా, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా అని తనే చూసుకునేవారు. టీచర్ల చేత సొంత పనులు చేయించుకోవడం ఎరుగరు. తాత మాట వస్తే మాత్రం ఆయనతో కష్టం. కమలమ్మ గారు చెప్పిందంతా విని, ఆ పేజీ రెండుసార్లు చదివారు.

“మా తాత ఊర్లో లేకుండానే బడి నడిచిందని రాస్తే, ఇంక ఆయనకేం మిగుల్తుందమ్మా?”

“బడి ఆయనదే సార్. ఆ నాలుగు నెలలు ఆమెవి.”

ఆయన పుస్తకం మూసి నా వైపు జరిపారు. పండుగ కానీ, తర్వాత చూద్దాం అన్నారు. కమలమ్మ గారు అందరికంటే పెద్ద కాబట్టి వేదిక మీద రెండు నిమిషాలు మాట్లాడించవచ్చన్నారు. నేను ఇంకా గట్టిగా అడగాల్సింది. అడగలేదు. సంచికలో ఆ తప్పు కింద ఉన్నది నా పేరు, పదిమందిలో బయటపడుతుందని నాకూ భయమే. అది ఒప్పుకోవాలి.

రెండు నిమిషాలు

పండుగ సాయంత్రం హాలు నిండిపోయింది. పాత విద్యార్థినులు, వాళ్ళ కూతుళ్ళు, మనవరాళ్ళు, బయట వరండా దాకా నిలబడ్డారు. కమలమ్మ గారిని చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకొచ్చాను. ఆమె ఉపన్యాసమేమీ చెప్పలేదు. మా బండిలో ఎక్కిన పిల్లల్ని పేట పేరుతో, ఎక్కిన వరసలో పిలుస్తాను, వచ్చినవాళ్ళు పలకండి అన్నారు.

“కట్టమంచి రామలక్ష్మి.”

 మూడో వరసలో ఒకామె లేచింది. అమ్మ పోయి పదేళ్ళయింది, నేను వచ్చినాను అంది.

“మిట్టూరు జయమ్మ.”

ముందు వరసలో చేతికర్ర పట్టుకున్న ముసలావిడ కూర్చునే చెయ్యి ఎత్తింది. ఉండానే కమలా, చెవులే సరిగా వినపడవు అంది. జనం నవ్వారు. కమలమ్మ గారు కూడా నవ్వి, తర్వాతి పేరు పిలిచారు. కొన్ని పేర్లకు కూతురు పలికింది, కొన్నింటికి మనవరాలు. రెండు పేర్లకు ఎవరూ పలకలేదు, వాటికి ఆమె కొంచెంసేపు ఆగి ముందుకు పోయారు. సంతపేట దగ్గర తన పేరు తనే పిలుచుకుని తనే పలికారు.

“బండిలో ఆఖరుగా ఎక్కేది వకీలు గారి శారద.”

వేదిక మీద నా పక్క కుర్చీ కదిలింది. కరస్పాండెంట్ గారు లేచి నిలబడ్డారు.

“మా మేనత్త. నేను వచ్చినాను,” అన్నారు. ఆయన గొంతు అట్లా మెత్తబడడం నేను అంతకు ముందు వినలేదు.

“బండి వెనక నడిచి వచ్చింది నాగరత్నం.”

ఎవరూ పలకలేదు. కమలమ్మ గారు హాలంతా చూశారు. వరండా వైపు చూశారు. అప్పుడు మునెమ్మ సంగతి నాలుగు మాటల్లో చెప్పారు. పంతులమ్మ లేని నాలుగు నెలలు మాకు చదువు చెప్పింది ఆయమ్మే, వేరే ఎవరూ కాదు అన్నారు. ఒక్క పిల్ల రాకున్నా మునెమ్మ బండి కదలనిచ్చేది కాదు, నాగరత్నం ఇంకా రాలేదు, మీరే వెతకాల అని చెప్పి వచ్చి కూర్చున్నారు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ గడియారం చూడలేదు.

చీటీ

మరుసటి రోజు నేను వెళ్ళేసరికి కరస్పాండెంట్ గారు నా కోసం స్టాఫ్ రూములో కూర్చుని ఉన్నారు. చేతిలో ఒక కాగితం. తప్పు సవరిస్తూ తనే రాసుకొచ్చారు. ఆ నాలుగు నెలలు బడిని నిలబెట్టింది మునెమ్మ అనీ, ఆమె లేకపోతే తన తాత పెట్టిన బడి ఏడాదికే మూతపడేదనీ ఉంది. ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు. దాన్ని చీటీలుగా అచ్చు వేయించారు. తొమ్మిదో తరగతి పిల్లలు గంగాళంలో మైదా ఉడికించి, నా గొడుగు పేజీ మీద ఆ చీటీలు అతికించారు. కొన్ని వంకరగా అతికాయి, కొన్నింటికి వేలిముద్రలు కూడా పడ్డాయి. పర్వాలేదన్నాను.

అప్పటికే ఊర్లోకి పోయిన సంచికలు చాలా ఉన్నాయి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా వీధులవారీగా పంపాను. ప్రతి ఇంట్లో చీటీ అతికించి, నాగరత్నం గురించి అడిగి రమ్మన్నాను. నాలుగో రోజున మిట్టూరు పోయిన ఇద్దరు పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. జయమ్మ గారి ఇంట్లో ఒకావిడ చెప్పిందట, నాగరత్నం నర్సు ఉద్యోగం చేసి రిటైరై తిరుపతిలో ఉంటోందని. వీధి పేరు కూడా తెచ్చారు.

ఆదివారం కమలమ్మ గారినీ, ఆ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని తిరుపతి బస్సెక్కాను.  చిన్న ఇల్లు, వరండాలో తులసికోట, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న సన్నటి మనిషి. అద్దాలు సవరించుకుని మా వైపు చూసింది. కమలమ్మ గారు, నేను సంతపేట కమలను అన్నారు.

నాగరత్నమ్మ గారు నవ్వారు.

“ఇన్నేళ్ళకు బండి దిగినావా?” అన్నారు.

కమలమ్మ గారు మెట్టు ఎక్కి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. పిల్లల్ని తీసుకుని వీధి చివర దాకా వెళ్ళి, బోండాలు తినిపించి తిరిగి వచ్చాను.

వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు. సంచిక తీసి నాగరత్నమ్మ గారికి ఇచ్చాను. ఆమె చీటీ మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాట చదివారు. పరీక్ష పేపరు దిద్దించుకుంటున్నట్టు నేను నిలబడే ఉన్నాను. చదివి తలెత్తారు.

“బాగా రాసినారు. అంతా నిజమే. పేరే తప్పు.”

నాకు అర్థం కాలేదు. కమలమ్మ గారికీ కాలేదు.

“మా అమ్మ పేరు మునిరత్నమ్మ. మునెమ్మ అని పిలిచింది మీరు. ఆయమ్మ చదువు నేర్చుకుని మొట్టమొదట రాసుకున్నది ఆ పేరే. తలుపు మీద రాసింది, బియ్యం డబ్బా మీద రాసింది.”

నా పెన్ను అడిగి తీసుకుని, చీటీ మీద ‘మునెమ్మ’ కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో మునిరత్నమ్మ అని రాశారు. ఇప్పటికీ ఆ ప్రతి బడి లైబ్రరీలో ఉంది, ఎవరైనా అడిగితే చూపిస్తారు.

సోమవారం పొద్దున కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. సార్, చీటీలో కూడా తప్పుంది అన్నాను. ఆయన అద్దాల మీదుగా నన్ను చూశారు. సంగతి మొత్తం విన్నారు. కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వారు.

“మైదా ఇంకా ఉండాదామ్మా?” అన్నారు.